ముందు కుట్టిన తోక

ఆ పలచని పుస్తకం చదవాలా, అక్కర్లేదా?

అట్టల బాబాయి దగ్గర ఈ ప్రశ్నకి జవాబు లేదు. కొట్లో ఉన్న ప్రతి పుస్తకానికీ ఆయన దగ్గర ఒక మాట ఉంది, ఆ ఒక్కదానికే లేదు. ఇది రాస్తున్న నాకూ, తలంతా నెరిసినా, ఇంకా తేలలేదు.

బాబాయిది అద్దె పుస్తకాల కొట్టు. వీధి మలుపులో మెట్లెక్కితే రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉండే గది. ముందు బల్ల, రెండు పక్కలా కప్పు దాకా అరలు, చివర ఒక తెర. తెర వెనక పిన్ని, ఆవిడ పొయ్యి, పుస్తకాలు కుట్టుకునే బల్ల. కొత్త పుస్తకం వస్తే ముందు బాబాయి చదవాలి. చదివాక దాని పైఅట్ట పీకి, కాగితాల కట్టలు విడదీసి ఇస్తే, మైనం రాసిన దారంతో పిన్ని కుడుతుంది. అప్పుడు బాబాయి జిగురు పెట్టి, చెక్కలాంటి అట్ట వేసి, వెన్ను మీద సిరాతో పేరు రాస్తాడు. అందుకే వీధిలో పిల్లా పెద్దా ఆయన్ని అట్టల బాబాయి అంటారు. ఆయన వేసిన అట్టతో దొంగ నెత్తి పగలగొట్టొచ్చని ఒకాయన మెచ్చుకుంటే, మన కొట్టుకొచ్చే దొంగలు లావు పుస్తకాల జోలికి రారు నాయనా, అంది పిన్ని.

అది అక్షరాలా నిజం. లావు పుస్తకం తీసుకెళ్లినవాడు మొయ్యలేకైనా తెచ్చిస్తాడు. పలచనిది సంచి మూలకి జారి, తలగడ కిందికి చేరి, చుట్టాలింటికి వెళ్లి, అటునుంచి అటే పోతుంది. దీనికి బాబాయి కనిపెట్టిన మందు ఒకటుంది. పలచని పుస్తకాన్ని విడిగా ఉంచకుండా, దాని తాలూకు లావు పుస్తకంతో కలిపి ఒకే అట్టలో కుట్టించెయ్యడం. ముందు అచ్చయింది ముందు, తర్వాతది వెనక. ఆ పద్ధతి ఏళ్ల తరబడి ఎవరికీ హాని చెయ్యలేదు.

చదవొచ్చా బాబాయ్ అని అడిగితే ఆయన జవాబులు మూడే: చదువు, వద్దు, వాన పట్టుకుని ఏమీ తోచకపోతే చదువు. వివరాలు చెప్పేవాడు కాదు. కథ చెప్పేసే అద్దె కొట్టువాడు కూచున్న కొమ్మ తనే నరుక్కున్నట్టేనని ఆయన సిద్ధాంతం. అందుకే ఎంత మంచి పుస్తకం చదివినా, దాని గురించి మనసారా మాట్లాడుకోవాలంటే అవతలివాళ్లు చదివి తిరిగిచ్చేదాకా ఆగాలి. ఆగినా, చాలామంది “బావుంది బాబాయ్” అని పెట్టేసి పోతారు. బాబాయి ఆగేది అద్దాలక్క కోసం.

అద్దాలక్క కళ్లజోళ్ల తయారీలో పనిచేసేది. పెద్దవీధి వెనక, కిటికీలన్నీ పైకప్పుకి దగ్గరగా ఉన్న ఒక గదిలో, గుండ్రటి సానరాళ్లు వరసగా తిరుగుతుంటాయి. రాయి మీద సన్నగా నీళ్లు కారుతుంటాయి. అద్దాన్ని రెండువేళ్ల మధ్య పట్టుకుని, అంచుని రాయికి ఆనించి, ఫ్రేములో ఇమిడేలా అరగదియ్యాలి. వేళ్ల మీదుగా తెల్లటి బురద కారుతుంది. బాబాయి ఒకసారి తన జోడు కోసం వెళ్లి గుమ్మంలోంచి చూశాడు. పిలిచాడు కూడా, ఆ రొదలో వినబడలేదు. పక్కపక్కనే నిలబడ్డ మనుషులు కూడా పెదాలు కదపకుండా పని చేసుకుంటున్నారు. మాట్లాడి లాభం లేని చోట ఎవరు మాట్లాడతారు?

ఇంట్లో సంగతులు ఆవిడ చెప్పినవి కావు. ఆవిడ మరదలు కూడా అల్లికల పుస్తకాల కోసం కొట్టుకొచ్చేది. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. మా వదినకి ఉలుకూ పలుకూ ఉండదు బాబాయ్, మేడమెట్ల కింద గదిలో దూరి మీ పుస్తకాలు ముందేసుకుంటే దీపం ఆర్పదు, అని మొదలుపెట్టేది. అదే నోటితో పిల్లల్ని బడినుంచి తెచ్చేది వదినే, జ్వరమొస్తే మేలుకునేది వదినే, గ్యాసు బండ కోసం వరసలో నిలబడేది వదినే అనీ చెప్పేది. పొగడ్త అనుకునే చెప్పేది. ఏ పని వచ్చినా ఆ ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: వదినుందిగా, అక్కుందిగా, అత్తుందిగా. వీలవుతుందా అని ఆవిణ్ణి అడిగినవాళ్లు లేరు. వీలుకాదని ఆవిడా అన్నది లేదు.

ఆవిడ సెలవు రోజు పొద్దున్నే వచ్చేది. పుస్తకం బల్ల మీద పెట్టేది. అంచుల మీద ఎంత తుడిచినా పోని సన్నటి తెల్లపొడి ఉండేది. కాసేపు నిలబడి, ఆ పుస్తకం గురించి ఒక్క మాట చెప్పేది. బాబాయికి ఆ వారమంతా నమలడానికి ఆ మాట చాలు. ఒకసారి, అందరూ మెచ్చుకున్న ఒక నవల తిరిగిస్తూ, “ఇందులో అందరూ బాగా మాట్లాడతారు బాబాయ్, ఎవరూ వినరు” అంది. ఆ నవల బాబాయి అప్పటికి రెండుసార్లు చదివాడు, ఆ సంగతి తట్టలేదు. ఇంకో పుస్తకం సంచిలో వేసుకుని, గుమ్మం దాటుతూ “వస్తా బాబాయ్” అనేది. అందరూ అనేదే. ఆవిడ నోట వచ్చే మాటలే కొన్ని కాబట్టి బాబాయి దాన్ని కూడా లెక్కేసుకునేవాడు.

ఆ రోజుల్లో ఊరంతా ‘ఆరు రేవులు’ చదువుతోంది. దారి మార్చుకునే ఒక మహానది, గద్దె పోగొట్టుకున్న రాకుమారి, ఆవిడ వెంట నలుగురు తోడు, మంత్రాలు, మాట్లాడే గుర్రాలు, గాలిలో వేలాడే కోటలు. ఒక్కో పుస్తకంలో ఒక్కో రేవు దాటుతారు. ప్రతి రేవులోనూ ఒకే పడవామె ఉంటుంది. వీళ్లకంటే ముందే ఆవిడ అక్కడికి ఎలా చేరుతుందో ఎవరికీ తెలీదు. అందర్నీ ఎక్కించుకుంటుంది, అవతలి ఒడ్డున దింపుతుంది. కూలి తీసుకోదు, నోరు విప్పదు. ఐదు లావు పుస్తకాల్లో ఆవిడ కనబడేది పట్టుమని పది పేజీలు ఉండదు.

కొట్టుకొచ్చేవాళ్లు రాకుమారి గురించి కొట్టుకునేవారు, గుర్రాల గురించి పందేలు వేసుకునేవారు. పడవామె గురించి మాట్లాడింది అద్దాలక్క ఒక్కతే. అదీ మూడో పుస్తకం తిరిగిచ్చినప్పుడు.

“ఈ పడవామె మూగది కాదు బాబాయ్. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు, అందుకని మాట్లాడదు.”

బాబాయి ఆ పుస్తకం మళ్లీ తెరిచి చూశాడు. నిజమే. ఎక్కారు, దిగారు, ముందుకు నడిచారు. అంత మర్యాద తెలిసిన రాకుమారి కూడా అమ్మా అలసిపోయావా అనలేదు. అప్పటినుంచి బాబాయికి ఆ వరసలో రాకుమారి వెనక్కి పోయింది, పడవామె ముందుకొచ్చింది. నాలుగో పుస్తకం, ఐదో పుస్తకం ఇద్దరూ ఆవిడ కోసమే చదివారు. “మాట్లాడుతుందంటావా?” అని ఈయన, “మాట్లాడితే చివర్లోనే” అని ఆవిడ. ఐదోది వచ్చాక రచయిత ఏళ్ల తరబడి ఉలకలేదు. జనం తిట్టారు, మర్చిపోయారు. అద్దాలక్క జుట్టు తెల్లబడింది. అప్పుడప్పుడు గుమ్మంలోంచే, ఇంకా రాలేదా అన్నట్టు కనుబొమలెగరేసేది. బాబాయి తల అడ్డంగా ఊపేవాడు.

చివరికి ఆరోది వచ్చింది. దాంతోపాటు, అంతకుముందే అచ్చయి ఈ ఊరికి ఆలస్యంగా చేరిన పలచని పుస్తకం ఒకటి వచ్చింది. పడవామె కథట. వరసలో భాగం కాదు, వరసకి తోక.

బాబాయి ముందు లావుదే తీశాడు. ఆత్రం. ఆరో రేవు దగ్గర రాకుమారి పరివారం, వెనక తరుముకొస్తున్న సైన్యం. పడవామె అందర్నీ ఎక్కించుకుంది. నది మధ్యలో తెడ్డు ఎత్తి, పడవ అడుగున పెట్టి, రాకుమారి వైపు తిరిగి అంది: “ఈసారి తెడ్డు మీరు పట్టండి.”

అంతే. ఐదున్నర పుస్తకాల తర్వాత ఒక్క మాట. బాబాయి వేలు ఆ పేజీలో ఉంచి పుస్తకం మూసి, తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. టీ చల్లారిపోయిందని పిన్ని రెండుసార్లు అంది. ఏమిటలా అయిపోయారంటే ఏం లేదన్నాడు. చెప్పాల్సిన మనిషి వేరే ఉంది. ఆవిడ చదివేదాకా ఈ మాట కడుపులో దాచుకోవాలి.

పొరపాటు అక్కడే జరిగింది. నోట్లో ఆ రుచి ఉండగా ఇంకో పుస్తకం తెరవబుద్ధి కాలేదు. బయట జనం ఎప్పుడిస్తారు ఎప్పుడిస్తారని మెట్ల మీద కూచుంటున్నారు. పలచనిది విడిగా పెడితే మూణ్ణాళ్లలో మాయమవుతుంది. బాబాయి రెండింటి పైఅట్టలూ పీకేసి పిన్ని ముందు పెట్టాడు. ముందు అచ్చయింది ముందు.

“చదవకుండా కుట్టించడం ఎప్పట్నుంచి?” అంది పిన్ని, సూదిలో దారం ఎక్కిస్తూ.

తోకే కదా, ఏముంటుందిలే అన్నాడు. తోకైతే వెనక ఉండాలి గదా అని పిన్ని. ముందొచ్చింది ముందుండాలని ఈయన. వేలెడు పుస్తకానికి వేయి మాటలెందుకని పిన్ని కుట్టేసింది. పైఅట్టలు పోయాక రెండు పుస్తకాల మొదటి పేజీ మీదా పెద్దక్షరాల్లో ‘ఆరు రేవులు’ అనే ఉంది. చూసేవాళ్లకి అంతా ఒకటే పుస్తకం, మొదట కొంచెం పాత కథ, తర్వాత అసలు కథ.

మొదటి వంతు, అడగక్కర్లేకుండా, అద్దాలక్కదే. ఇస్తున్నప్పుడు బాబాయి ముఖం వెలిగిపోతుంటే ఆవిడ నవ్వి, మాట్లాడిందా అని అడగబోయి ఆగింది. చెప్పకండి అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. వస్తా బాబాయ్ అని మెట్లు రెండేసి దిగుతూ వెళ్లింది.

తర్వాతి సెలవు రోజు పుస్తకం చేత్తో పట్టుకునే వచ్చింది. ముఖం చూడగానే బాబాయికి ఏదో తేడా కొట్టింది. పుస్తకంలో పావు వంతు దగ్గర కాగితం ముక్క పెట్టి ఉంది.

“బాబాయ్, ఈ మొదటి భాగం అసలు కథేనా?” అంది.

ఏ మొదటి భాగం అన్నాడు బాబాయి. అప్పుడు ఆవిడ చెప్పింది. పడవామె పడుచుపిల్లగా ఉన్నప్పుడు ఒక రాజుగారబ్బాయిని ప్రేమించిందిట. అతనికోసం ఒక మంత్రగాడి రహస్యం బయటపెట్టిందిట. వాడు శపించాడుట, రాజవంశంలోనివాళ్లని ఆరు రేవులు దాటించేదాకా నీకు మాట రాదు పొమ్మని. అంతా చెప్పి, “ఇంతేనా బాబాయ్? ప్రేమా, శాపమూనా?” అంది.

బాబాయికి చప్పున వెలిగింది. ఆరో రేవు. తెడ్డు. ఆ మాట. ఈవిడ ఇంకా అక్కడిదాకా రాలేదు. అది వేరే పుస్తకం తల్లీ, తోక పుస్తకం, బుద్ధిలేక ముందు కుట్టించాను, నువ్వది చదవలేదనుకో, అని గబగబా చెప్పాడు. ఆవిడ చేతిలోంచి పుస్తకం లాక్కుని, అప్పటికప్పుడు అట్ట చింపి, జిగురు గీకి, దారాలు కోసి రెండు ముక్కలు చేశాడు. ఇన్నేళ్లలో ఆయన చేతులు పుస్తకాన్ని అంత మోటుగా పట్టుకోవడం పిన్ని చూడలేదు. తెర పక్కకి తీసి చూస్తూ, అట్టలోంచి కోస్తే బుర్రలోంచి పోతుందా అని గొణిగింది. లావు పుస్తకాన్ని మళ్లీ కుట్టించి, తడి ఆరీ ఆరకముందే, ఆ సాయంత్రం స్వయంగా వాళ్లింటికి తీసుకెళ్లి ఇచ్చాడు. కొన్నాళ్లాగి చదవమన్నాడు. ఆవిడ సరేనంది గానీ, గంట మోగాక మోగలేదనుకోమంటే ఎలా బాబాయ్, అని కూడా అంది. గట్టిగా కాదు. గట్టిగా అన్నా బావుండేది.

విడిపోయిన పలచని పుస్తకాన్ని ఇస్త్రీ మామ పట్టుకుపోయాడు. మామది పక్క సందులో ఇస్త్రీ బల్ల. ఐదు పుస్తకాలూ చదివినవాడే. రెండు రోజుల్లో తిరిగి తెచ్చి, కళ్లు తుడుచుకున్నంత పనిచేసి, ఐదు లావు పుస్తకాలూ ఒకెత్తు, ఇదొకెత్తు బాబాయ్ అన్నాడు.

“ఏముందయ్యా అందులో?” అని బాబాయి కసిరాడు.

“అదేంటి? మనిషి నోరు మూసుకుని కూచుంటే ఊరికే కూచుంటుందా? కారణం తెలిస్తేగదా జాలి పుట్టేది.”

“కారణం లేకుండా జాలి పుట్టదా నీకు?”

“పుట్టదు. నా బల్ల దగ్గరకొచ్చి ఉలక్కుండా నిలబడేవాళ్లు బోలెడుమంది. అందరి మీదా జాలి పడితే చొక్కాలు మాడతాయి.”

ఇంకెవరికీ ఆ పుస్తకం ఇవ్వనని బాబాయి బల్ల సొరుగులో పడేశాడు. పడేస్తే సరిపోతుందా? అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ముందు చదవాలా బాబాయ్, తర్వాత చదవాలా, అసలు చదవాలా? వద్దంటే, ఇస్త్రీ మామ భలే ఉందన్నాడే అంటారు. చదువంటే నోరు రాదు. చదవకుండా మాట చెప్పకూడదన్నది తన నియమమే కాబట్టి, పళ్లు నూరుకుంటూ ఒక మధ్యాహ్నం సొరుగు తెరిచి చదివాడు. చెత్త అయితే ఎంత బావుండేది! తిట్టి అవతల పారేసేవాడు. చెత్త కాదు. ఆ పడుచుపిల్ల మొదటిసారి తెడ్డు పట్టిన పేజీ ఉంది చూశారూ, నీళ్లు ఎదురు తోస్తుంటే భుజాలు ఎలా వణికాయో, ఆ రచయిత స్వయంగా పడవ నడిపితే తప్ప రాయలేడు. అంత బాగా రాసి, చివరికి ఆ మంత్రగాణ్ణి తెచ్చి నోరు కట్టించాడు. బాబాయి మింగలేడు, కక్కలేడు. నిన్నెవరు అడిగారయ్యా, ఐదు పుస్తకాలు ఊరుకున్నవాడివి ఇంకొక్కటి ఊరుకోలేకపోయావా, అని ఎక్కడో ఉన్న ఆ రచయితని గదంతా వినబడేలా తిట్టాడు. ఆయన రాశాడు సరే, ముందు కుట్టిందెవరు అంది పిన్ని. ఆవిడ మీదా విసుక్కున్నాడు. జిగురు గిన్నె మీదా విసుక్కున్నాడు. ముందు అచ్చయింది ముందు అనే తన పద్ధతిని, పాతికమందికి గొప్పగా చెప్పుకున్నదాన్ని, తలుచుకుంటే ఒళ్లు మండింది.

అద్దాలక్క కొన్ని సెలవు రోజులు రాలేదు. మరదలు వచ్చి, వదిన పుస్తకం దిండు పక్కన పెట్టుకుని తెరవట్లేదు బాబాయ్, అట్టేమన్నా కరుస్తుందా అని నవ్వింది. బాబాయికి ఆశ పుట్టింది. ఆగుతోంది. మర్చిపోవాలని చూస్తోంది. ఈ వయసులో మతిమరుపు అందరికీ వస్తోంది, ఈవిడకి కూడా ఒక్క శాపం దాకా వస్తే చాలుననుకున్నాడు.

ఒక పొద్దున వచ్చింది. పుస్తకం బల్ల మీద పెట్టింది, అంచుల మీద తెల్లపొడితో సహా. కాసేపు నిలబడింది. బాబాయి ఆ ఒక్క మాట కోసం చూశాడు.

“మాట్లాడింది” అంది.

“ఊఁ.”

“ఆరో రేవు కదా. శాపం తీరింది, మాట్లాడింది.”

“కాదు తల్లీ...”

“మీరేది ముందు చదివారు బాబాయ్?”

అబద్ధం చెప్పొచ్చు. రెండూ కలిపే చదివానంటే ఇద్దరూ ఒకే పడవలో ఉన్నట్టు ఉండేది. ఆవిడతో ఎన్నడూ అబద్ధమాడలేదు, ఇప్పుడూ నాలుక తిరగలేదు. లావుదే, కుట్టించకముందే, అన్నాడు.

“అంటే ఆ మాట దగ్గరికొచ్చేసరికి మీకు మంత్రగాడు తెలీదు.”

“తెలీదు.”

“ఎలా ఉంది?”

ఇన్నాళ్లూ ఆవిడ చదివాక మాట్లాడుకోవాలని దాచుకున్నదంతా ఇప్పుడు బయటికి తీస్తుంటే, చేతిలో చివికిన కాగితంలా రాలిపోతోంది. “చేతులు నొప్పెడుతున్నాయేమో అనుకున్నా” అన్నాడు చివరికి. “ఎప్పట్నుంచో నొప్పెడుతున్నాయేమో, ఇవాళ చెప్పెయ్యాలనిపించిందేమో అనుకున్నా. అంతేనమ్మా. పుస్తకం మూసి కాసేపు ఊరికే కూచున్నా.”

ఆవిడ పుస్తకం అంచు మీది తెల్లపొడిని వేలితో తుడిచింది. తెర వెనక పిన్ని సూది ఆగింది.

“నాకూ అదే తెలుసు బాబాయ్. ఆవిడ ఆ మాట అనకముందు నుంచీ తెలుసు. నేను వింటానికి కూచునేసరికి వాడొచ్చి అడ్డం నిలబడ్డాడు.”

“కొన్నాళ్లాగి మళ్లీ చదువు.”

“ఎన్నాళ్లాగితే తప్పుకుంటాడు?”

బాబాయి అరల వైపు తిరిగాడు. ఆవిడ కోసం తీసిపెట్టిన ఇంకో పుస్తకం ఉంది, తను రెండుసార్లు చదివి, చదువు అని కళ్లు మూసుకుని చెప్పగలిగింది. దాన్ని తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పెడుతూ ఏదో అనబోయాడు. ఆవిడ అప్పటికే ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. గుమ్మం దాటింది. బాబాయి పుస్తకం మీద చెయ్యి అలాగే ఉంచి, ఆ ‘వస్తా’ కోసం చెవి అటే పెట్టి నిలబడ్డాడు. మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు వినబడింది. మలుపు తిరిగేదాకా వినబడింది.